పాత ఇంటికి కొత్త వైరింగ్: ఎర్త్ గొయ్యి నుంచి ఆర్‌సీసీబీ దాకా నా అనుభవం

పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ కనిపించినంత మాత్రాన ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) ఉందని నమ్మకండి. 1990ల్లో కట్టిన మా డాబా ఇంటికి వైరింగ్ మొత్తం మార్పించినప్పుడు ఒక్కో బోర్డూ విప్పించి చూశాం. కొన్ని సాకెట్లలో పైనున్న లావు పిన్ను వెనక అసలు తీగే లేదు. కొన్నింటిలో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) నుంచి రెండంగుళాల ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేశారు. వంటింట్లో మాత్రం పచ్చ తీగ ఉంది, అది కుళాయి ఇనుప పైపుకు క్లాంపుతో బిగించి ఉంది. ఆ ఇనుప పైపును ఎప్పుడో సీపీవీసీ (ప్లాస్టిక్) పైపుగా మార్చారు కాబట్టి ఆ ఎర్త్ కూడా నేలను తాకడం మానేసి చాలా కాలమైంది.

ఈ మూడింట్లో అన్నిటికన్నా ప్రమాదం న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలపడం. మామూలు రోజుల్లో అంతా బాగానే నడుస్తుంది. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిన రోజున, వెలుగుతున్న బల్బు గుండా ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ) వోల్టేజీ వచ్చి ఇంట్లో న్యూట్రల్ తీగంతా 230 వోల్టులకు చేరుతుంది. ఆ ముక్క దాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ ఒంటికి, వాషింగ్ మెషిన్ ఒంటికి అంటిస్తుంది. ఫ్యూజు పోదు, ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆగే స్విచ్చు) పడదు. తలుపు పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

వైరింగ్ అనగానే అందరి దృష్టీ స్విచ్చుల కంపెనీ మీదికి, ప్లేటు రంగు మీదికి పోతుంది. ఇంట్లో మనుషుల ప్రాణాలు కాపాడేవి మాత్రం కంటికి కనిపించని పచ్చ తీగ (ఎర్త్), నల్ల తీగ (న్యూట్రల్). అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే రాస్తున్నాను.

ముందు లోడ్ లెక్క

ఎలక్ట్రీషియన్ను పిలవకముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. మాది ఇలా తేలింది: ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు కలిపి 3.4 కిలోవాట్లు, గీజర్లు రెండు కలిపి 4, ఇండక్షన్ స్టవ్ 2, నీళ్లు వేడిచేసే వాషింగ్ మెషిన్ 2, మైక్రోవేవ్ 1.2, ఇస్త్రీపెట్టె 1, మిక్సీ ముప్పావు, ఒక హెచ్‌పీ బోరు మోటారు దాదాపు 1.1, ఫ్రిజ్ 0.2, ఫ్యాన్లు లైట్లు కలిపి 0.6. అన్నీ కూడితే 16 కిలోవాట్లు దాటుతుంది. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి చూడాల్సింది రద్దీ గంట. పొద్దున ఒక గీజరు, మోటారు, ఇండక్షన్, మిక్సీ, ఫ్రిజ్, ఫ్యాన్లు కలిస్తే ఆరున్నర కిలోవాట్లు. దాన్ని 230తో భాగిస్తే 28 ఆంపియర్లు. సింగిల్ ఫేజ్ మీద 32 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంచే) మెయిన్ సరిపోతుంది. అయితే డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) దగ్గర మన పేరున ఉన్న మంజూరు లోడ్ దీనికి తగ్గట్టు లేకపోతే అదనపు లోడ్‌కు దరఖాస్తు ముందే పెట్టుకోవాలి. పని మొదలయ్యాక మీటరు ముందు సప్లై తీయించాలన్నా సెక్షన్ ఆఫీసుకే చెప్పాలి. మీటరు సీలు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి.

సర్క్యూట్లు విడగొట్టడంలో మేం పాటించిన పద్ధతి ఒక్కటే. వైరు సైజు ఏదైతే ఎంసీబీ దానికి లోబడాలి. ఎంసీబీ కాపాడేది వైరును, వస్తువును కాదు. లైట్లు ఫ్యాన్లకు ఒకటిన్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ సాకెట్లకు రెండున్నర స్క్వేర్, 16 ఆంపియర్లు. ఏసీలకు, గీజర్లకు నాలుగు స్క్వేర్, 20 ఆంపియర్లు. మీటరు నుంచి డీబీకి (ఎంసీబీలన్నీ ఉండే డిస్ట్రిబ్యూషన్ బాక్సుకు) 10 స్క్వేర్ రాగి. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా చేస్తే రెండున్నర స్క్వేర్ వైరు పైపులో కాలుతున్నా ఎంసీబీ కదలదు. పడుతోందంటే లోడ్ ఎక్కువైందనో, జాయింటు వేడెక్కుతోందనో అర్థం. ఏసీలకు, మోటారుకు సి రకం ఎంసీబీలు తీసుకోవాలి. బి రకం తన రేటింగుకు మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకే తక్షణం పడుతుంది, మోటారు స్టార్టయ్యే క్షణంలో అంత లాగుతుంది. సి రకం ఐదు నుంచి పది రెట్ల దాకా ఓర్చుకుంటుంది.

ఫ్రిజ్‌కు విడిగా ఒక ఎంసీబీ ఇవ్వండి. వంటింట్లో ఇంకే ఎంసీబీ ట్రిప్ అయినా పాలు పెరుగు పాడవకుండా ఉంటాయి.

వైరు కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ 694 ముద్ర, కాయిల్ పొడవు చూడాలి. సాధారణంగా 90 మీటర్ల కాయిల్స్ వస్తాయి. రంగుల విషయంలో రాజీ వద్దు: ఫేజ్ ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ పచ్చ. పచ్చ కాయిల్ అయిపోయిందని మిగిలిన ఎర్ర ముక్కతో ఎర్త్ లాగేస్తే, పదేళ్ల తర్వాత ఆ బోర్డు విప్పేవాడికి అది ఉరితాడు అవుతుంది. ఎర్త్ వైరు మందం కూడా ఇంటి సైజుల్లో ఫేజ్ వైరు మందంతో సమానంగా ఉండాలి. నాలుగు స్క్వేర్ గీజరు లైనుకు ఒక స్క్వేర్ పచ్చ తీగ వేసి డబ్బు మిగిల్చానని చెప్పే మేస్త్రీని వదులుకోవడమే మంచిది.

గోడలు, పైపులు

పాత అల్యూమినియం వైరు ఎక్కడా మిగల్చకండి. దానికి కొత్త రాగి వైరు మెలిపెట్టి కలిపితే ఆ జాయింటు తేమకు తుప్పు పట్టి, వదులై, వేడెక్కుతుంది. స్లాబులో ఉన్న పాత పైపులు తెరిచి ఉంటే పాత వైరు చివరకు కొత్తవి కట్టి లాగవచ్చు. సిమెంటు పాలు దిగి పూడుకుపోయి ఉంటే మాత్రం స్లాబు కొట్టించకూడదు, కమ్మీల మీద దెబ్బ పడుతుంది. అలాంటి రెండు గదుల్లో మేం గోడ పైఅంచు వెంబడి పీవీసీ కేసింగ్ పట్టీ వేయించాం.

గోడల్లో గాడి ఎప్పుడూ నిలువుగానే కొట్టించాలి. తొమ్మిదంగుళాల గోడకు ఇబ్బంది లేదు. నాలుగున్నర అంగుళాల గోడలో లోతు మూడో వంతు, అంటే అంగుళంన్నర దాటకూడదు. అడ్డంగా పొడవునా కొడితే ఆ వరస దగ్గర గోడ బలహీనపడుతుంది. సుత్తీ ఉలీతో కాకుండా ముందు కట్టర్‌తో రెండు గీతలు కోయించి మధ్యది తీయిస్తే చుట్టూ ప్లాస్టరింగ్ ఊడదు. పైపు పెట్టాక కోళ్ల జాలీ పరిచి మేకులు కొట్టి సిమెంటు పూయాలి. జాలీ లేకపోతే ఎండాకాలానికి గాడి గీత వెంబడే పగులు తేలుతుంది. సిమెంటు పూయకముందే ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోండి. రేపు అద్దమో అల్మరానో బిగించేటప్పుడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో ఆ ఫొటోయే చెబుతుంది.

ముప్పావు అంగుళం పైపులో నాలుగైదు రెండున్నర స్క్వేర్ వైర్లకు మించి దూర్చవద్దు. బలవంతంగా లాగితే బెండు దగ్గర ఇన్సులేషన్ గీరుకుపోతుంది, గాలి ఆడక వైరు వేడెక్కుతుంది. డీబీ నుంచి వచ్చే మెయిన్ దారులన్నీ అంగుళం పైపు వేయించాం.

ఎర్త్ గొయ్యి

పునాదికి కనీసం మీటరున్నర దూరంలో, వీలైనంత తేమ ఉండే చోట ఎర్త్ గొయ్యి తీయాలి. ఏసీ నీళ్లు కారే చోటో, మొక్కలకు నీళ్లు పోసే చోటో అయితే ఎండాకాలంలోనూ పనిచేస్తుంది. పాత పద్ధతిలో రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపుకు రంధ్రాలు చేసి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోస్తారు. అది ఇప్పటికీ పనిచేస్తుంది గానీ ఉప్పు ఆ పైపునే తినేస్తుంది, పైగా వానలకు కరిగి కిందికి దిగిపోతుంది, ప్రతి ఏడూ నీళ్లు పోస్తూ ఉండాలి. మేం రాగి పూత ఉన్న మూడు మీటర్ల ఉక్కు రాడ్లు, బెంటోనైట్ (తేమను పట్టి ఉంచే బంకమన్ను) కలిసిన పొడి వాడాం. రాడ్డుకో బస్తా చొప్పున పొడిని నీళ్లలో గుజ్జుగా కలిపి పోసి, మట్టిని దిమ్మిసతో కొట్టించాం. పొడిని పొడిగానే కుమ్మరించి మట్టి కప్పేస్తే రాడ్డు చుట్టూ గాలి ఖాళీలు మిగిలిపోతాయి. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా రీడింగ్ దిగదు.

మట్టిని బట్టే అంతా ఉంటుంది. మూడు మీటర్ల రాడ్డు ఒక్కటి ఇచ్చే నిరోధం దాదాపు మట్టి రెసిస్టివిటీలో (కరెంటును అడ్డుకునే గుణంలో) మూడో వంతు. తడి నల్లరేగడిలో రెసిస్టివిటీ 20 ఓం-మీటర్లు ఉంటే ఆరేడు ఓంలు వస్తుంది. మొరంలో 100 ఉంటే 33 ఓంలు. అందుకే కృష్ణా డెల్టాలో ఒక గొయ్యితో అయ్యే పని తెలంగాణ రాతినేలలో రెండు మూడు గోతులకూ కాకపోవచ్చు. మాకు మొదటి రాడ్డుకు 13 ఓంలు వచ్చింది. దానికి ఆరు మీటర్ల దూరంలో రెండోది దింపి, రెండింటినీ నేలలోనే రాగి తీగతో కలిపితే 7కు దిగింది. రెండు రాడ్లనూ పక్కపక్కనే దింపితే లాభం లేదు. రెండూ ఒకే మట్టిలోకి కరెంటును పంపుతాయి కాబట్టి రాడ్డు పొడవుకు రెట్టింపు ఎడం ఉండాలి.

ఈ రీడింగ్ ఎర్త్ టెస్టర్‌తో తీయించాలి. రెండు చిన్న ఇనుప మేకులు దూరదూరంగా నేలలో దింపి, మీటరు తిప్పి ఓంలు చదువుతారు. మన దగ్గర ఎక్కువమంది చేసేది బల్బు పరీక్ష: ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య వంద వాట్ల బల్బు పెట్టి బాగా వెలిగితే ఎర్త్ భేష్ అంటారు. ఇది మోసం చేసే పరీక్ష. వెలుగుతున్న వంద వాట్ల బల్బు నిరోధమే 529 ఓంలు. ఎర్త్ 50 ఓంలు ఉన్నా బల్బుకు ఇంకా 210 వోల్టులు అందుతాయి, కంటికి తేడా తెలియదు. ఎర్త్ తీగ తెగిందా లేదా అన్నంతవరకే బల్బు చెప్పగలదు.

ఇక 7 ఓంల ఎర్త్ ఉంది కదా, ఎంసీబీలూ ఉన్నాయి, ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై తెంచే స్విచ్చు) ఎందుకు అని అడిగేవాళ్లు చాలామంది. లెక్క చూడండి. గీజరులో ఫేజ్ వెళ్లి ఒంటికి తగిలింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ ఒక ఓం అనుకుంటే, కరెంటు నేల గుండా తిరిగి వెళ్లే దారి మొత్తం 8 ఓంలు. 230ని 8తో భాగిస్తే 29 ఆంపియర్లు. సి రకం 20 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం 100 కావాలి. 29కి అది వేడెక్కి పడాలి, నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ గీజరు ఒంటి మీద 200 వోల్టులు ఉంటాయి. అదే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే తెగుతుంది. దానికి ఎర్త్ ఎంతో బాగుండనక్కర లేదు కూడా. ఒంటి మీద వోల్టేజీ 50 దాటకముందే పడాలంటే 1,600 ఓంల ఎర్త్ చాలు. మంచి ఎర్త్ కోసం ఎంత తవ్వినా ఆర్‌సీసీబీ లేకుండా ఇల్లు క్షేమం కాదు.

డీబీ

మెయిన్ ఎంసీబీ వెంటనే సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని నేలలోకి మళ్లించేది), దాని తర్వాత వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే రిలే పెట్టించాం. వీధిలో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇంటికీ 300, 350 వోల్టులు రావచ్చు, అప్పుడు టీవీలను కాపాడేది ఆ రిలే ఒక్కటే.

ఆర్‌సీసీబీలు మూడుగా విడగొట్టాం. గీజర్లు, వాషింగ్ మెషిన్, వంటిల్లు ఒకదాని కింద. ఏసీలు, మిగతా పవర్ సాకెట్లు రెండోదాని కింద. ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు ఫ్యాన్లు మూడోదాని కింద. బోరు మోటారుకు విడిగా ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒక్కదాంట్లోనే ఉండేది). బావిలో మునిగి ఉండే మోటారు వైండింగ్ పాతబడేకొద్దీ కొద్దికొద్దిగా లీకవుతుంది, అది ఇల్లంతా చీకటి చేయకూడదు. ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషిన్ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల కోసం 'ఏసీ' (AC) రకం కాకుండా 'ఏ' (A) రకం ఆర్‌సీసీబీ అడిగి తీసుకోవాలి. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌కు పడదు, దాని రేటింగు ముందున్న ఎంసీబీకి తక్కువ కాకుండా చూసుకోవాలి. 32 మెయిన్ కింద 40 పెట్టాం.

ఒకే ఆర్‌సీసీబీ పెడితే ఏమవుతుంది? ప్రతి కంప్యూటరు, ఎల్ఈడీ డ్రైవరు, ఏసీ బోర్డు తన వంతు కొంచెం కరెంటు ఎర్త్‌లోకి వదులుతుంది. అన్నీ కలిసి పది మిల్లీఆంపియర్లు దాటితే ఇబ్బంది మొదలు, ఎందుకంటే 30 అని రాసి ఉన్నది 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. వానాకాలంలో కారణం లేకుండా పడుతోందనే ఇళ్లలో చాలావాటి సంగతి ఇదే.

మూడు ఆర్‌సీసీబీలంటే మూడు న్యూట్రల్ లింకులు (నల్ల తీగలు బిగించే పట్టీలు). ఇదే అసలు పని. ఏ సర్క్యూట్ ఫేజ్ ఏ ఆర్‌సీసీబీ నుంచి వెళ్లిందో దాని న్యూట్రల్ కూడా ఆ ఆర్‌సీసీబీ లింకుకే తిరిగి రావాలి. ప్రతి నల్ల తీగకూ నంబరు స్లీవు తొడిగించండి. డీబీ లోపల తీగ చివరలకు పిన్ లగ్గులు క్రింపు చేయించి స్క్రూ బిగించాలి. పలచని పోగులు విడిగా పెట్టి బిగిస్తే సగం పోగులు బయటే ఉండిపోతాయి.

కరెంటు ఇచ్చాక పడిన తిప్పలు

సప్లై ఇవ్వకముందే ప్రతి సాకెట్ ఎర్త్ పిన్ను నుంచి డీబీ ఎర్త్ బార్ వరకు మల్టీమీటరుతో చూశాం. ఒకటిన్నర స్క్వేర్ రాగి 20 మీటర్లకు పావు ఓం చూపించాలి. ఒకటి రెండు ఓంలు చూపితే ఎక్కడో మెలిక జాయింటు ఉన్నట్టు. ఆ తర్వాత అన్ని వస్తువులూ ప్లగ్గు తీసి, బల్బులు, ఎల్ఈడీ ఫిట్టింగులు విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఇన్సులేషన్ చూడాలి. మెగోమ్ (పది లక్షల ఓంలు) కన్నా తక్కువ వస్తే సప్లై ఇవ్వకూడదు. ఎలక్ట్రానిక్ వస్తువు తగిలి ఉండగా మెగ్గర్ వేస్తే అది కాలిపోతుంది.

మా ఇంట్లో మెగ్గర్ పరీక్ష హడావిడిగా రెండు సర్క్యూట్లకే చేసి సప్లై ఇచ్చారు. హాల్లో ఇస్త్రీపెట్టె వేయగానే రెండో ఆర్‌సీసీబీ, దాంతోపాటే మూడోదీ పడ్డాయి. ఇస్త్రీపెట్టె వేరే ఇంట్లో బాగానే పనిచేస్తోంది. ఎలక్ట్రీషియన్ మొదటి సలహా ఆర్‌సీసీబీ మార్చేద్దామని. చాలా ఇళ్లలో జరిగేది అదే, రెండోదీ పడితే దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేస్తారు. ఆర్‌సీసీబీ చేసేది ఒక్కటే లెక్క: ఫేజ్‌లో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది. రెండు ఆర్‌సీసీబీలు ఒక్కసారే పడ్డాయంటే ఒకదాని కరెంటు రెండోదాని న్యూట్రల్‌లోకి పోతోందని అర్థం.

బోర్డు విప్పితే అదే. ఆ బోర్డులో ఫ్యాను, లైటు ఇన్వర్టర్ ఫేజ్ మీద, పవర్ సాకెట్ మెయిన్ ఫేజ్ మీద ఉన్నాయి. న్యూట్రల్ మాత్రం ఒకటే తెచ్చి, సాకెట్‌కు ఫ్యాను దగ్గర్నుంచి లూప్ కొట్టారు. ఇస్త్రీపెట్టె కరెంటు 4.3 ఆంపియర్లు రెండో ఆర్‌సీసీబీలో వెళ్లి మూడోదాంట్లో తిరిగొస్తోంది. రెండింటికీ తేడా 4,300 మిల్లీఆంపియర్లు. ఆ సాకెట్‌కు విడిగా నల్ల తీగ లాగగానే సమస్య పోయింది. ఇన్వర్టర్ పాయింట్లు, మెయిన్ పాయింట్లు ఒకే బోర్డులో ఉన్న ప్రతి చోటా రెండు న్యూట్రల్ తీగలు కావాలని వైర్లు లాగకముందే చెప్పండి. మెట్ల దగ్గర టూవే స్విచ్ లైటుకు కింద అంతస్తు ఫేజ్, పై అంతస్తు న్యూట్రల్ వాడుకోవడం కూడా ఇదే తప్పు.

రెండోది ఇంకా చిత్రం. మొదటి ఆర్‌సీసీబీ కింద ఎంసీబీలన్నీ ఆపేసినా, ఇంట్లో వేరే ఏసీ స్టార్టయితే అది పడేది. ఎంసీబీ ఆపితే ఫేజ్ మాత్రమే తెగుతుంది, న్యూట్రల్ తెగదని గుర్తుంచుకుంటే ఇందులో చిత్రం లేదు. లోడ్ నడుస్తున్నప్పుడు న్యూట్రల్ తీగ నేలకన్నా రెండు మూడు వోల్టులు పైనే ఉంటుంది. ఎక్కడైనా ఆ తీగ ఎర్త్‌ను తాకితే కొంత కరెంటు అటు దారి మళ్లుతుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. కనుక్కునే పద్ధతి: మెయిన్ ఆపి, ఆ లింకు నుంచి నల్ల తీగలన్నీ ఊడదీసి, ఒక్కోదాన్ని ఎర్త్ బార్‌తో మెగ్గర్‌లో చూడాలి. ఒకటి సున్నా చూపించింది. దాన్ని పట్టుకుని వెళ్తే స్నానాల గదిలో అద్దం పక్క బోర్డు. ఇనుప బాక్సుకు ప్లేటు బిగించిన పొడవాటి స్క్రూ వెనక నల్ల తీగను నొక్కింది. తీగ మీద స్క్రూ మరల అచ్చు పడి, ఒక్క చోట ఆవగింజంత రాగి మెరుస్తోంది. అంతే. పొట్టి స్క్రూ వేసి, ఆ ముక్క మార్పించాం.

మూడోది పాత గీజరు. వేసిన పది నిమిషాలకు, నీళ్లు కాగాక మాత్రమే ట్రిప్ అయ్యేది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎలిమెంటు పై తొడుగు సన్నగా చిట్లితే, వేడికి ఆ చిట్లు తెరుచుకుని నీళ్లు లోపలికి చేరతాయి. చల్లగా ఉన్నప్పుడు మెగ్గర్‌లో బాగానే చూపించింది, వేడిగా ఉండగా 10 వేల ఓంలకు పడిపోయింది. అంటే 23 మిల్లీఆంపియర్ల లీకు. గీజరును వేడిగా ఉన్నప్పుడే పరీక్షించమని అందుకే చెబుతున్నాను. పాత ఫ్యూజుల కింద ఆ గీజరు ఇలాగే లీకవుతూ నడిచింది. ఎలిమెంటు, దాంతోపాటు లోపలి యానోడ్ రాడ్డు (ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది) మార్చాక సరైంది.

ఇన్వర్టర్ కలిపేటప్పుడు

ఇన్వర్టర్‌కు సప్లై మొదటి రెండు ఆర్‌సీసీబీల ముందు నుంచి, మెయిన్ తర్వాత, ఫేజ్ న్యూట్రల్ రెండూ ఒకే చోట తీసుకోవాలి. ఇన్వర్టర్ నుంచి బయటికొచ్చే ఫేజ్, న్యూట్రల్ రెండూ మూడో ఆర్‌సీసీబీ గుండా వెళ్లి తన సొంత లింకుకు చేరాలి. బయటికొచ్చే వైపు ఆర్‌సీసీబీ లేకపోతే కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ లైట్లకు, ఫ్యాన్లకు షాక్ రక్షణ ఏదీ ఉండదు. చాలా ఇన్వర్టర్లలో లోపలికీ బయటికీ న్యూట్రల్ ఒకటే. అందుకే ఇన్వర్టర్ ముందు పెట్టే ఎంసీబీ సింగిల్ పోల్ అయి ఉండాలి. డబుల్ పోల్ పెట్టి అది ఆపితే న్యూట్రల్‌కు నేలతో సంబంధం తెగిపోయి, ఆర్‌సీసీబీ ఉన్నా లీకును పసిగట్టలేదు. ఇన్వర్టర్ ప్లగ్గు పెట్టే సాకెట్‌లో ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉందో లేదో టెస్టర్‌తో తప్పకుండా చూడండి. అటుదిటైతే ఇంట్లో ఇన్వర్టర్ న్యూట్రల్ తీగలన్నీ ఫేజ్ అయిపోతాయి, స్విచ్ ఆపిన బల్బు హోల్డరు కూడా షాక్ కొడుతుంది.

ఆర్‌సీసీబీ మీద టీ (T) అని ఉండే బటన్ నెలకోసారి నొక్కాలి. నొక్కితే పడాలి. అయితే ఆ బటన్ లోపలి చిన్న రెసిస్టరు గుండా కరెంటును పక్కదారి పట్టించి చూస్తుంది. ఎర్త్ గొయ్యి లేకపోయినా, పచ్చ తీగ తెగిపోయినా బటన్ నొక్కగానే పడుతుంది. కాబట్టి బటన్ చెప్పేది ఆర్‌సీసీబీ బతికి ఉందని మాత్రమే. ఎర్త్ సంగతి తెలియాలంటే ఒక్కో సాకెట్‌లో ఫేజ్-ఎర్త్ మధ్య చిన్న బల్బుతో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. 15 వాట్ల బల్బుకే 65 మిల్లీఆంపియర్లు వెళ్తాయి, ఎర్త్ కలిసి ఉంటే బల్బు వెలిగీ వెలగకముందే ఆర్‌సీసీబీ పడాలి. బల్బు వెలగక, ఆర్‌సీసీబీ కూడా పడకపోతే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు.

మూడు నాలుగు నెలలు వాడాక మెయిన్ ఆపించి డీబీలో స్క్రూలన్నీ ఒకసారి మళ్లీ బిగించాలి. కొత్త రాగి తీగ నొక్కుడుకు కాస్త అణగి వదులవుతుంది. మాకు గీజరు న్యూట్రల్ స్క్రూ అర చుట్టు తిరిగింది. ఎర్త్ రీడింగ్ మాత్రం ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఉన్నప్పుడు తీయించండి. వానల్లో 7 చూపించిన మా గొయ్యి మే నెలలో 11 చూపిస్తోంది. గొయ్యి ఛాంబరు మూత తీసి నాలుగు బిందెల నీళ్లు పోస్తే వారంలో 8కి వచ్చింది.